డివైజ్ డ్రైవర్లలో విద్యుత్ పొదుపు, గిట్టుబాటు కాలం: అరకు, తూర్పు కనుమల సందర్భం

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఉన్న ఒక భాగానికి పని లేనప్పుడు దాన్ని నిద్రపుచ్చి, పని పడగానే లేపే బాధ్యతను ఆ భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కే అప్పగించడాన్ని డ్రైవర్ స్థాయి విద్యుత్ నిర్వహణ అంటారు. ఆ సాఫ్ట్‌వేరే డివైజ్ డ్రైవర్. నిద్రలో కరెంటు ఆదా అవుతుంది. కానీ నిద్రపుచ్చడానికీ, లేపడానికీ కూడా కరెంటు కావాలి, సమయం కావాలి. ఈ రెండో పద్దుకు ఓవర్‌హెడ్ అని పేరు. ఈ వ్యాసంలో దాన్ని మార్పిడి ఖర్చు అంటున్నాం. ఆ ఖర్చు తిరిగి రావాలంటే పరికరం కనీసం ఎంతసేపు నిద్రలో ఉండాలో ఆ వ్యవధి గిట్టుబాటు కాలం. అంతకంటే ముందే లేపవలసి వస్తే నిద్రపుచ్చినందుకు మిగిలేది నష్టమే.

గిట్టుబాటు కాలాన్ని సాధారణంగా చిప్ లక్షణంగా లెక్కిస్తారు. తయారీదారు ఇచ్చిన పట్టికలోంచి అంకెలు తీసి డ్రైవర్‌లో రాసేస్తారు. డిస్క్‌కు, కీబోర్డుకు ఇది చాలావరకు సరిపోతుంది. సిగ్నల్ వెతుక్కునే పరికరాలకు సరిపోదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు వంటి చోట్ల కొండ అడ్డు, సన్నని సిగ్నల్, ముసురు రోజులు, చలి కలిసి అదే చిప్ గిట్టుబాటు కాలాన్ని ఎన్నో రెట్లు పెంచగలవు. అందుకే ఇక్కడ సిద్ధాంతాన్ని, ఆ కొండలను కలిపి చూడడం జరిగింది.

గిట్టుబాటు కాలం: లెక్క

కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో చలికాలపు రాత్రి పొయ్యిని పూర్తిగా ఆర్పరు. నిప్పుల మీద బూడిద కప్పి వదిలేస్తారు. తెల్లవారాక బూడిద పక్కకు తీసి, నాలుగు ఎండుపుల్లలు పెట్టి ఊదితే మంట లేస్తుంది. పూర్తిగా ఆరిపోతే మళ్లీ అగ్గిపుల్ల, పొడిచితుకులు, పొగ, పావుగంట శ్రమ. అలాగని ఆ కాస్త శ్రమ తప్పించుకోవడానికి రాత్రంతా మంట మండిస్తే కట్టెలు దండగ. మండే మంట, నివురుగప్పిన నిప్పు, ఆరిన పొయ్యి అనే ఈ మూడు దశలే పరికరాల్లోనూ ఉంటాయి. పూర్తి మెలకువ, తేలిక నిద్ర, పూర్తి ఆపివేత. నిద్ర ఎంత గాఢమైతే ఆదా అంత ఎక్కువ, లేపే ఖర్చూ అంత ఎక్కువ.

లెక్క కట్టడం సులువు. పరికరాన్ని నిద్రపుచ్చి తిరిగి లేపడానికి అయ్యే మొత్తం శక్తిని జౌళ్లలో తీసుకుని, మార్పిడికి పట్టినంత సేపూ నిద్రలో ఉండివుంటే ఖర్చయ్యే శక్తిని దానిలోంచి తీసేయాలి. వచ్చినదాన్ని మెలకువలో ఖాళీగా ఉన్నప్పటి వాట్లకు, నిద్రలోని వాట్లకు ఉన్న తేడాతో భాగించాలి. జవాబు సెకన్లలో వస్తుంది. ఖాళీ సమయం అంతకు మించితే నిద్ర గిట్టుతుంది.

ఈ లెక్కలో కష్టమైనది భాగహారం కాదు. రాబోయే ఖాళీ సమయం ఎంతో డ్రైవర్‌కు ముందుగా తెలియదు. విద్యుత్ నిర్వహణ విధానాలన్నీ ఆ తెలియనితనాన్ని ఎదుర్కోవడానికి పుట్టినవే (చూడండి: నిర్ణయ పద్ధతులు).

చరిత్ర

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే ప్రమాణాన్ని తెచ్చాయి. అందులో నిర్ణయాలు ఎక్కువగా కంప్యూటర్ బయోస్ చేతిలో ఉండేవి. ఏ భాగం ఎప్పుడు నిద్రపోయిందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు సరిగా తెలిసేది కాదు. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా విడుదల చేసిన ఏసీపీఐ ఈ అధికారాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు బదలాయించింది. పరికరాలకు డీ0 నుంచి డీ3 వరకు స్థితులు నిర్ణయమయ్యాయి. డీ0 పూర్తి మెలకువ, డీ3 ఆపివేత. తర్వాత డీ3ని రెండుగా విడదీశారు. సరఫరా ఉండగానే పరికరం ఆగితే వేడి డీ3, సరఫరా కూడా తెగితే చల్లని డీ3.

మొదటి దశాబ్దంలో చర్చంతా ల్యాప్‌టాప్ మూత వేస్తే మొత్తం వ్యవస్థ ఎలా నిద్రపోవాలన్న దాని చుట్టూ తిరిగింది. మూత తెరిచి పనిచేస్తుండగానే వాడని భాగాలను విడివిడిగా నిద్రపుచ్చాలన్న ఆలోచన లినక్స్‌లో మొదట యూఎస్‌బీ పరికరాల్లో గట్టిగా అమలైంది. 2007లో వచ్చిన రెండు మార్పులు దీనికి ఊతమిచ్చాయి. ఆ ఏప్రిల్‌లో విడుదలైన లినక్స్ 2.6.21 పనిలేనప్పుడు కూడా గడియారం టిక్కులతో ప్రాసెసర్‌ను లేపే అలవాటును తగ్గించింది. అదే ఏడాది ఇంటెల్ విడుదల చేసిన పవర్‌టాప్ అనే సాధనం, ఎవరు ఎన్నిసార్లు ప్రాసెసర్‌ను లేపుతున్నారో పేరుపేరునా చూపించింది.

అన్ని రకాల బస్సులకూ (పరికరాలను కంప్యూటర్‌కు కలిపే మార్గాలకూ) వర్తించే ఉమ్మడి చట్రం, అంటే రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్, 2009 డిసెంబరులో లినక్స్ 2.6.32తో వచ్చింది. దీన్ని రాసినవారు రఫాయెల్ వైసోకీ. కొంత ఖాళీ సమయం గడిచాకే నిద్రపుచ్చే ఆటోసస్పెండ్ సౌకర్యాన్ని అలన్ స్టెర్న్ చేర్చగా అది 2.6.37లో చోటు చేసుకుంది. 2011లో 3.1 విడుదల ఒకే సరఫరా తీగ మీద ఉన్న పరికరాలను గుంపుగా చూసే పవర్ డొమైన్లను తెచ్చింది.

ఇదే కాలంలో ఆండ్రాయిడ్ వేరే దారి పట్టింది. ఫోన్ ఎప్పుడు వీలైతే అప్పుడు మొత్తంగా నిద్రపోవాలి, పని ఉన్న ప్రోగ్రాం వేక్‌లాక్ పట్టుకుని నిద్రను ఆపాలి అన్నది ఆ పద్ధతి. దీన్ని లినక్స్‌లోకి తీసుకోవడంపై 2009, 2010లలో తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. 2012లో 3.5 విడుదలలో అలాంటి ఏర్పాటు వేరే రూపంలో చేరింది. తూర్పు కనుమల్లో ఈ రోజు వాడుకలో ఉన్న స్మార్ట్‌ఫోన్లలో అత్యధికం ఆండ్రాయిడ్‌వే కనుక ఆ వివాదపు ఫలితం అక్కడి ప్రతి జేబులోనూ ఉంది.

పనితీరు

లినక్స్ రన్‌టైమ్ చట్రంలో ప్రతి పరికరానికీ ఒక వాడకపు లెక్క ఉంటుంది. పరికరంతో పని మొదలుపెట్టే ముందు డ్రైవర్ ‘గెట్’ పిలుపుతో లెక్కను ఒకటి పెంచుతుంది, పని ముగిశాక ‘పుట్’ పిలుపుతో తగ్గిస్తుంది. లెక్క సున్నాకు చేరితే పరికరం ఖాళీ అన్నమాట. అప్పుడు వెంటనే నిద్రపుచ్చవచ్చు, లేదా ఆటోసస్పెండ్ గడువు దాకా ఆగవచ్చు. గడువులోపు మళ్లీ పని వస్తే మార్పిడి ఖర్చు తప్పినట్టే.

నిద్రపుచ్చే ముందు డ్రైవర్ కొన్ని పనులు చక్కబెట్టాలి. సరఫరా తెగితే రిజిస్టర్లలోని విలువలు పోతాయి కాబట్టి వాటిని జ్ఞాపకంలో దాచాలి. జరుగుతున్న డేటా బదిలీ పూర్తయ్యే దాకా ఆగాలి. పరికరమే తనంతట తాను లేపమని సంకేతం పంపగలిగితే దాన్ని సిద్ధం చేయాలి. తర్వాత గడియారపు సంకేతం ఆపాలి, వోల్టేజి రెగ్యులేటర్ తెంచాలి. లేపేటప్పుడు ఇవన్నీ తిరగేసి చేయాలి. వీటిలో ఎక్కువ సమయం తినేది రెగ్యులేటర్ వోల్టేజి నిలకడకు రావడం, గడియారం స్థిరపడడం, పరికరంలోని ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కడం. రిజిస్టర్లు తిరిగి నింపే పని వీటి ముందు చిన్నది.

పరికరాలు వంశవృక్షంలా ఉంటాయి. బిడ్డ మేలుకోవాలంటే ముందు తల్లి మేలుకోవాలి. సెన్సర్ ఒక బస్సు మీద, ఆ బస్సు కంట్రోలర్ ఒక పవర్ డొమైన్‌లో ఉంటే చిన్న సెన్సర్ విలువ చదవడానికి మొత్తం గొలుసు లేవాలి. అందువల్ల ఒక్కో డ్రైవర్‌ను విడిగా చూసి పెట్టిన గడువులు కలిసికట్టుగా నష్టం తేగలవు. మూడు సెన్సర్లు మూడు వేర్వేరు క్షణాల్లో మేలుకుంటే తల్లి పరికరానికి ఎప్పుడూ నిద్ర పట్టదు.

మార్పిడి ఖర్చులోని రకాలు

శక్తి ఖర్చు గురించి పైన చెప్పాం. రెండోది ఆలస్యం. పరికరం లేచేలోపు వినియోగదారుడు ఎదురుచూడాలి, లేదా వచ్చిన సమాచారం జారిపోవాలి. నిద్రలో ఉన్న కీబోర్డు మీద కొట్టిన మొదటి అక్షరం పోవడం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆలస్యానికి ఇంకో కోణం ఉంది. పరికరం లేచేదాకా ప్రాసెసర్ కూడా మేలుకుని ఎదురుచూస్తే ఆ కరెంటును కూడా ఈ పద్దులోనే రాయాలి. చాలా లెక్కల్లో ఇది వదిలేయడం జరుగుతుంది.

మూడోది అరుగుదల. ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ తల పక్కకు జరిగి తిరిగి రావడానికి తయారీదారులు సాధారణంగా 3 లక్షల నుంచి 6 లక్షల సార్ల వరకు హామీ ఇచ్చేవారు. నిమిషానికి రెండుసార్లు చొప్పున ఆగకుండా తలను అలా పక్కకు జరుపుతూ పోతే 6 లక్షలు 208 రోజుల్లో పూర్తవుతాయి. కరెంటు ఆదా కోసం పెట్టిన దూకుడు గడువు డిస్క్ ప్రాణం తీస్తుందన్నమాట. నాలుగోది సాఫ్ట్‌వేర్ భారం. లెక్కలు పెంచడం, తగ్గించడం, తాళాలు, టైమర్లు ఇవన్నీ ప్రాసెసర్ సమయమే. సెకనుకు వేలసార్లు వాడే పరికరంలో ప్రతి వాడకానికీ గెట్, పుట్ చేయడం కూడా కొలవదగ్గ భారమవుతుంది.

బస్సుల వారీగా

యూఎస్‌బీ 2.0లో నిద్రపోయిన పరికరాన్ని లేపడానికి హోస్ట్ కనీసం 20 మిల్లీసెకన్లు సంకేతం పంపాలి, తర్వాత పరికరం కోలుకోవడానికి మరో 10 మిల్లీసెకన్లు ఇవ్వాలి. లినక్స్ అక్కడ 2 సెకన్ల ఆటోసస్పెండ్ గడువును అప్రమేయంగా పెట్టింది. అయినా అది అన్ని పరికరాలకూ తనంతట అమల్లోకి రాదు. నిద్ర నుంచి సరిగా లేవని పరికరాలు మార్కెట్లో చాలా ఉండడంతో ప్రధానంగా హబ్‌లకే దాన్ని పరిమితం చేసి, మిగతావాటి నిర్ణయం వినియోగదారుడికీ పంపిణీదారుకూ వదిలారు.

పీసీఐలో వేడి డీ3 నుంచి డీ0కు రావడానికి 10 మిల్లీసెకన్లు ఆగాలన్నది నియమం. సరఫరా తెగిన చల్లని డీ3 నుంచి వస్తే రీసెట్ తర్వాత 100 మిల్లీసెకన్లు దాటాకే పరికరాన్ని పలకరించాలి. నిద్ర ఒక్క మెట్టు లోతైతే ఆలస్యం 10 రెట్లు పెరిగింది.

ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీల విషయం మరింత ఆసక్తికరం. ఈ డిస్క్‌లు తమ ప్రతి నిద్రస్థితికీ ప్రవేశానికి ఎంత, నిష్క్రమణకు ఎంత సమయం పడుతుందో తామే చెబుతాయి. 2017 ఏప్రిల్‌లో వెలువడిన లినక్స్ 4.11 ఆ రెండూ కలిపిన మొత్తానికి 50 రెట్లు ఖాళీగా ఉన్నాకే డిస్క్ ఆ స్థితికి వెళ్లేలా గడువు పెట్టింది. మార్పిడిలో గడిచే సమయం 2 శాతాన్ని దాటకూడదన్నది దాని వెనకున్న లెక్క. మొత్తం 10 మిల్లీసెకన్లు పట్టే స్థితికి గడువు అర సెకను అవుతుంది. శక్తి అంకెలు తెలియకపోయినా సమయపు అంకెలతోనే ఒక భద్రమైన నియమం కట్టిన తీరు ఈ రంగంలో మంచి నమూనా. అలా కట్టినా కొన్ని డిస్క్‌లు తాము చెప్పుకున్న గాఢ నిద్ర నుంచి లేవలేకపోయాయి. వాటి కోసం లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లో మినహాయింపుల జాబితా పెట్టవలసి వచ్చింది.

వైఫైలో కార్డు నిద్రపోతూ, రూటర్ పంపే బీకన్ కోసం మాత్రం లేస్తుంది. సాధారణంగా బీకన్ 102.4 మిల్లీసెకన్లకు ఒకటి. జీపీఎస్‌కు వేరే స్వభావం ఉంది. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి తిరిగి తిరిగి ప్రసారం చేస్తుంది. ఆ వివరాలు జ్ఞాపకంలో తాజాగా ఉంటే రిసీవర్ సెకను రెండు సెకన్లలో చోటు చెబుతుంది. పోతే కనీసం అర నిమిషం ఆకాశం చూడాలి. చుట్టూ కొండలు, పైన చెట్ల కొమ్మలు ఉంటే ఆ ప్రసారం మధ్యలో తెగి ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే జీపీఎస్‌ను పూర్తిగా ఆపకుండా, ఆ కాస్త జ్ఞాపకానికి మాత్రం సరఫరా ఉంచి నిద్రపుచ్చడం మేలు. నివురుగప్పిన నిప్పు పద్ధతి ఇదే.

నిర్ణయ పద్ధతులు

ఖాళీ ఎంతసేపు సాగుతుందో తెలియనప్పుడు ఏం చేయాలి? గణితంలో దీన్ని అద్దె, కొనుగోలు సమస్య అంటారు. సైకిల్ ఎన్నాళ్లు అవసరమో తెలియని మనిషి రోజుకింత చొప్పున అద్దెకు తీసుకుంటూ, కట్టిన అద్దె మొత్తం కొత్త సైకిల్ ధరకు సమానమైన రోజున కొనేస్తే, అన్నీ ముందే తెలిసిన వాడికంటే అతనికి ఎక్కువలో ఎక్కువ రెండింతలే ఖర్చవుతుంది. పరికరాలకూ అంతే. గిట్టుబాటు కాలం దాకా మెలకువగా ఉంచి, ఆపై నిద్రపుచ్చితే ఖర్చు ఆదర్శ ఖర్చుకు రెండింతలు మించదు. గడువును యాదృచ్ఛికంగా ఎంచుకునే పద్ధతిలో సగటున ఈ నిష్పత్తి సుమారు 1.58కి దిగుతుందని 1990లో అన్నా కార్లిన్, సహరచయితలు నిరూపించారు.

ఇది గడ్డుకాలానికి ఇచ్చే హామీ. అసలు జీవితంలో ఖాళీ సమయాలకు ఒక పోలిక ఉంటుంది కనుక గతాన్ని చూసి భవిష్యత్తును అంచనా వేసే పద్ధతులు మెరుగ్గా పనిచేస్తాయి. లినక్స్‌లో ప్రాసెసర్ నిద్రను నిర్ణయించే మెనూ, టీఈఓ గవర్నర్లు అలాంటివి. ఒక్కో నిద్రస్థితికి కనీసం ఎంతసేపు అందులో ఉంటే లాభమో పట్టిక ఉంటుంది. గవర్నర్ రాబోయే టైమరును, ఇటీవలి మెలకువలను చూసి సరిపోయే స్థితిని ఎంచుతుంది. డ్రైవర్ల కోసం ఇంత పకడ్బందీ అంచనా ఏర్పాటు లేదు. చాలా డ్రైవర్లలో ఉన్నది రచయితకు తోచినట్టు రాసిన ఒక గడువు అంకె మాత్రమే. 50, 100, 200, 1000 మిల్లీసెకన్లు వంటి గుండ్రని అంకెలు డ్రైవర్ల కోడ్‌లో తరచూ కనిపించడానికి కారణం అదే. అవి కొలిచి పెట్టినవి కావు.

మార్పిళ్ల సంఖ్యను తగ్గించడం ఇంకో దారి. కొండ మీది ఊరివాళ్లు ఉప్పు కోసం ఒకరోజు, నూనె కోసం ఇంకోరోజు దిగరు. సంత రోజున అన్నీ కలిపి తెచ్చుకుంటారు, తమ పసుపో పిప్పళ్లో చింతపండో కూడా అదే దారిన దించుతారు. పనులను గుంపుచేసి పరికరాన్ని ఒక్కసారి లేపి అన్నీ ముగించడం అచ్చంగా ఇదే. ఆలస్యాన్ని ఓర్చుకోగల డేటా ఉన్నచోట ఇంతకంటే లాభసాటి ఉపాయం మరొకటి లేదు. ఓర్చుకోలేని చోట ప్రోగ్రాం తనకు గరిష్ఠంగా ఎంత ఆలస్యం సమ్మతమో పీఎం క్యూఓఎస్ అనే ఏర్పాటు ద్వారా కెర్నల్‌కు చెప్పుకోవచ్చు. అప్పుడు అంతకంటే ఎక్కువ ఆలస్యమిచ్చే గాఢ నిద్రలు నిషిద్ధమవుతాయి.

అరకు, తూర్పు కనుమల సందర్భం

అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో, విశాఖపట్నానికి 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. చుట్టూ గాలికొండ వంటి ఎత్తయిన వరసలు. ఇక్కడ కొండదొర, బగత, వాల్మీకి, కోటియా, పోర్జా, గదబ, కోందు తదితర ఆదివాసీ సమాజాలు నివసిస్తాయి. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది.

విద్యుత్ చరిత్రలో ఈ కొండలది విచిత్రమైన స్థానం. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో 120 మెగావాట్ల మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. తర్వాత ఎగువ సీలేరులో 240, దిగువ సీలేరులో 460 మెగావాట్లు వచ్చాయి. మైదానాలకు ఇంత కరెంటు పంపిన కొండల్లోనే తీగ అందని ఇళ్లు మిగిలాయి. ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాల కోసం 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకంలో దేశవ్యాప్తంగా తీగ చేరని ఇళ్లకు 0.3 కిలోవాట్ సౌర ఏర్పాటు ఒక అంశంగా చేర్చవలసి వచ్చింది. సౌర పలక, బ్యాటరీల మీద ఆధారపడిన ఇంట్లో ప్రతి వాట్‌కూ లెక్క ఉంటుంది. ల్యాప్‌టాప్ కోసం రాసిన డ్రైవర్ వదిలేసిన అర వాట్‌ను నగరంలో ఎవరూ గుర్తించరు. ఇక్కడ అది ఒక దీపం.

సిగ్నల్ మరో సమస్య. 2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌తో సహా 5 రాష్ట్రాల 44 ఆకాంక్షిత జిల్లాల్లో మొబైల్ సౌకర్యం లేని 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. టవర్ వచ్చాక కూడా మలుపు మలుపుకూ కొండ అడ్డొస్తుంది. బలహీనమైన సిగ్నల్‌లో ఫోన్ తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది. 4జీ ఫోన్‌కు గరిష్ఠం సాధారణంగా 200 మిల్లీవాట్లు, 900 మెగాహెర్ట్జ్ జీఎస్ఎం ఫోన్‌కు ప్రసారపు క్షణాల్లో 2 వాట్లు. సిగ్నల్ పూర్తిగా పోతే మోడెమ్ ఒక్కో బ్యాండ్‌నూ జల్లెడ పడుతూ టవర్ కోసం వెతుకుతుంది. ఘాట్ రోడ్డులో గంటసేపు ప్రయాణించిన ఫోన్ బ్యాటరీ, ఎవరూ ముట్టుకోకపోయినా, గబగబా దిగిపోవడానికి కారణం ఈ వెతుకులాటే.

దీని ప్రభావం గిట్టుబాటు కాలం మీద ఎంతో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. వర్షపాతం, ఉష్ణోగ్రత కొలిచి 15 నిమిషాలకోసారి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పంపే సౌర పెట్టె ఒకటి ఉందనుకుందాం. అందులోని మోడెమ్ నెట్‌వర్క్‌లో నమోదై ఖాళీగా ఉంటే 60 మిల్లీవాట్లు తీసుకుంటుంది, ఆపేస్తే సున్నా. మైదానపు పట్టణంలో ఆన్ చేసి నెట్‌వర్క్‌లో నమోదు కావడానికి 20 సెకన్ల పాటు 0.9 వాట్లు పడుతుందనుకుంటే మార్పిడి ఖర్చు 18 జౌళ్లు, గిట్టుబాటు కాలం 300 సెకన్లు, అంటే 5 నిమిషాలు. 15 నిమిషాలు మెలకువగా ఉంచితే 54 జౌళ్లు పోతాయి కనుక ప్రతిసారీ ఆపేయడమే లాభం.

అదే పెట్టెను కొండ వెనక ఊరికి తీసుకెళ్లారు. నమోదుకు 60 సెకన్లు, సగటున 1.2 వాట్లు పట్టింది. మార్పిడి ఖర్చు 72 జౌళ్లు, గిట్టుబాటు కాలం 1200 సెకన్లు, 20 నిమిషాలు. ఇప్పుడు ప్రతి 15 నిమిషాలకూ ఆపి ఆన్ చేయడం మెలకువగా ఉంచడంకంటే మూడోవంతు ఎక్కువ ఖర్చు. చిప్ మారలేదు, డ్రైవర్ మారలేదు, పొదుపు నియమం మాత్రం నష్టాన్ని తెచ్చే నియమమైంది. నాలుగు కొలతలు కూడగట్టి గంటకొకసారి పంపితే మాత్రం పరిస్థితి చక్కబడుతుంది. రోజుకు 24 సార్లు 72 జౌళ్లు అంటే 1728 జౌళ్లు. పట్టణంలో 15 నిమిషాలకోసారి పంపినప్పుడు 96 సార్లు 18 జౌళ్ల చొప్పున అయ్యేదీ సరిగ్గా అంతే.

బ్యాటరీ రోజుల్లోకి మార్చితే తేడా ఇంకా స్పష్టమవుతుంది. 12 వోల్టుల, 7 ఆంపియర్ గంటల బ్యాటరీలో సగమే వాడతామనుకుంటే చేతిలో 42 వాట్ గంటలు. సెన్సర్లకు, కంట్రోలర్‌కు రోజుకు 2 వాట్ గంటలు కావాలనుకుందాం. డేటా పంపే క్షణాల ఖర్చు అన్ని పద్ధతుల్లోనూ ఉంటుంది కాబట్టి వదిలేద్దాం. కొండ ఊళ్లో ఎండ లేకుండా, 15 నిమిషాలకోసారి ఆపి లేపే పద్ధతిలో పెట్టె సుమారు 10.7 రోజులు నడుస్తుంది, ఎప్పుడూ మెలకువగా ఉంచితే 12.2 రోజులు, గంటకోసారి గుంపుగా పంపితే సుమారు 17 రోజులు. నైరుతి రుతుపవనాల ముసురులో వారాల తరబడి ఎండ మొహం కనిపించని కొండల్లో ఈ ఆరు రోజుల తేడా చిన్నది కాదు. వర్షపాతం అంకె అత్యవసరమైన రోజులే పలకకు ఎండ తగలని రోజులు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరం దాటిన హుద్‌హుద్ తుపాను స్తంభాలను, టవర్లను కూల్చినప్పుడు బ్యాటరీ మీద నిలబడగల పరికరాల విలువ ఈ ప్రాంతమంతటికీ అనుభవంలోకి వచ్చింది.

చలి కూడా లెక్కలోకి రావాలి. చింతపల్లి మండలంలోని లంబసింగిలో శీతాకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దరిదాపుల్లోకి దిగుతుంది. ఆ వేళ లెడ్ యాసిడ్ బ్యాటరీ తన సామర్థ్యంలో సుమారు ఐదోవంతు కోల్పోతుంది, పైగా దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది. మోడెమ్ లేచిన క్షణంలో లాగే కరెంటుకు వోల్టేజి కిందికి జారి పెట్టె మొత్తం రీసెట్ కావచ్చు. ఇది శక్తి లెక్కల్లో కనిపించని మార్పిడి ఖర్చు.

ఉపగ్రహ మార్గం వేరుగా ఉంటుంది. భారత వాతావరణ శాఖ ఆటోమేటిక్ కేంద్రాలు ఇన్సాట్ ద్వారా గంటకోసారి తమకు కేటాయించిన వేళకు చిన్న సందేశం పంపే పద్ధతి ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉంది. అందులో టవర్‌ను వెతకడం, నమోదు కావడం ఉండవు. ట్రాన్స్‌మిటర్ లేస్తుంది, పంపుతుంది, పడుకుంటుంది. కొండ వెనక ఉన్నా, ఆకాశం కనిపిస్తే చాలు, మార్పిడి ఖర్చు మైదానంలో ఎంతో ఇక్కడా దాదాపు అంతే.

రేషన్ యంత్రం: ఒక పరిశీలన

ఆంధ్రప్రదేశ్‌లో చౌకధరల దుకాణాలకు ఈ-పాస్ యంత్రాలు 2015 నుంచి వచ్చాయి. వేలిముద్ర తీసుకుని, నెట్‌వర్క్ ద్వారా సరిచూసి, సరుకుకు అనుమతి ఇవ్వడం వాటి పని. సిగ్నల్ అందని ఏజెన్సీ ఊళ్లలో డీలరు యంత్రాన్ని చంకన పెట్టుకుని గట్టెక్కడం, వెనకే కార్డుదారులు ఎక్కడం మామూలు దృశ్యమైంది. ఆ గట్టు మీద ఛార్జర్ ఉండదు. వరసలో ఉన్న అందరి వేలిముద్రలూ పడేదాకా యంత్రం నిలబడాలి.

అప్పుడు లోపల రెండు డ్రైవర్లకు రెండు వేర్వేరు నియమాలు కావాలి. వేలిముద్ర సెన్సర్ మిల్లీసెకన్లలో లేవగలదు కనుక ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య దాన్ని నిద్రపుచ్చడం లాభమే. అయితే నిద్రలో ఉన్నప్పుడు పెట్టిన వేలు గుర్తించకపోతే ముసలామె మళ్లీ మళ్లీ వేలు నొక్కాలి. కట్టెలు కొట్టి, దుంపలు తవ్వి గీతలు అరిగిన వేళ్లకు అసలే ముద్ర పడడం కష్టం. స్పర్శతోనే సెన్సర్ లేచే ఏర్పాటు ఉండడం ఇక్కడ సౌకర్యం కాదు, అవసరం. మోడెమ్‌ది దీనికి పూర్తిగా విరుద్ధం. వరస నడుస్తున్నంతసేపూ దాన్ని పడుకోనివ్వకూడదు. సన్నని సిగ్నల్‌లో ఒకసారి నమోదు పోతే తిరిగి దొరకడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం. సరుకు ఇవ్వడం ముగిశాక వారాల పాటు యంత్రం ఊరికే ఉంటుంది కనుక అప్పుడు మోడెమ్‌ను పూర్తిగా ఆపేయాలి. ఒకే గడువు అంకె ఈ రెండు పరిస్థితులకూ సరిపోదు. పని జరుగుతోందా లేదా అన్నది తెలిసిన అప్లికేషన్‌కు ఆ సంగతి డ్రైవర్‌కు చెప్పే దారి ఉండాలి.

కొలత, సర్దుబాటు

లినక్స్‌లో ప్రతి పరికరం కింద పవర్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని కంట్రోల్ ఫైల్‌లో ‘ఆటో’ అని ఉంటే రన్‌టైమ్ నిద్రకు అనుమతి, ‘ఆన్’ అని ఉంటే ఎప్పుడూ మెలకువ. మిల్లీసెకన్లలో ఆటోసస్పెండ్ గడువు ఇంకో ఫైల్‌లో ఉంటుంది. డ్రైవర్ ఆ సౌకర్యం వాడితే దాన్ని తిరిగి కంపైల్ చేయకుండానే మార్చవచ్చు. పరికరం మెలకువలో ఎంతసేపు, నిద్రలో ఎంతసేపు గడిపిందో మరో రెండు ఫైళ్లు చెబుతాయి. ఇవి సమయాన్నే చెబుతాయి, శక్తిని కాదు. నిద్ర శాతం 90 ఉందని సంతోషపడేలోపు ఆ మిగిలిన 10 శాతంలో ఎన్ని మార్పిళ్లు జరిగాయో చూడాలి. శక్తి తెలియాలంటే బ్యాటరీ తీగలో కరెంటు కొలిచే చిన్న నిరోధం పెట్టి, మోడెమ్ లేచిన క్షణం నుంచి నమోదయ్యే దాకా గీసిన వక్రరేఖ కింద వైశాల్యం తీసుకోవాలి.

ఆ కొలత ఎక్కడ జరిగిందన్నది అంకె పక్కనే నమోదు కావాలి. ప్రయోగశాల బల్ల మీద, కిటికీలోంచి టవర్ కనిపిస్తుండగా తీసిన అంకెతో అనంతగిరి మలుపుల్లో పెట్టబోయే పెట్టెకు గడువు నిర్ణయించకూడదు. స్థాపించిన చోటే నాలుగైదు రోజులు నమోదు సమయాలను రాసుకుని, వాటిలో మధ్యస్థాన్ని కాక పెద్దవాటిని పట్టించుకుని గిట్టుబాటు కాలం లెక్కవేయడం మేలు. ఇంకా మంచి పద్ధతి, సాఫ్ట్‌వేరే ప్రతి నమోదుకూ పట్టిన సమయాన్ని గుర్తుంచుకుని గడువును సర్దుకోవడం. నమోదు 20 సెకన్లలో జరిగిన రోజు మోడెమ్‌ను ఆపుతుంది, 60 సెకన్లు పట్టడం మొదలైతే కొలతలను కూడగట్టి గంటకు ఒకసారే లేపుతుంది. ఊరికి కొత్త టవర్ వచ్చిన మర్నాడు ఎవరూ కొండెక్కి పెట్టె తెరవనవసరం లేకుండా అది తనంతట 15 నిమిషాల పద్ధతికి తిరిగొస్తుంది.